చవక మదర్‌బోర్డు పుట్టుపూర్వోత్తరాలు

ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, కీబోర్డు వంటివాటన్నిటినీ కలిపి ఒక కంప్యూటర్‌గా నిలబెట్టే పలక మదర్‌బోర్డు. తనంతట తాను లెక్కలు కట్టదు, దేన్నీ గుర్తుపెట్టుకోదు. అయినా ఏ ప్రాసెసర్ కొనవచ్చో, ఏ ర్యామ్ పెట్టవచ్చో తేల్చేది అదే. సాకెట్, వోల్టేజీ, చిప్‌సెట్, బోర్డును లేపే ప్రోగ్రామైన బయోస్ అనే నాలుగూ పొసగితేనే జోడీ కుదిరినట్టు. ఖరీదైన బోర్డుల్లో ఉండే వెసులుబాట్లు చవక బోర్డుల్లో ఉండవు కాబట్టి అక్కడ ఈ పొంతన మరింత నిక్కచ్చిగా చూడాలి. ఆ వెసులుబాట్లు ఎందుకు లేకుండా పోయాయో తెలియాలంటే, ఒకప్పుడు బోర్డు మీద ఉన్న చిప్పులన్నీ ఏ దారిన ఎక్కడికి వెళ్ళాయో చూడాలి.

1975 జనవరి నాటి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆల్టెయిర్ 8800లో నేటి అర్థంలో మదర్‌బోర్డు లేదు. వంద పిన్నుల స్లాట్లు వరుసగా అమర్చిన పలక ఒకటి ఉండేది. ప్రాసెసర్ ఒక కార్డు మీద, మెమరీ ఇంకో కార్డు మీద వచ్చి ఆ స్లాట్లలో కూర్చునేవి. 1977లో వచ్చిన యాపిల్ 2 ఈ పద్ధతిని మార్చింది. ప్రాసెసర్, మెమరీ ఒకే బోర్డు మీదికి చేరాయి, అదనపు కార్డుల కోసం 8 స్లాట్లు మిగిలాయి. 1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ 5150 కూడా ఇదే దారి పట్టింది. అందులో ఇంటెల్ 8088 ప్రాసెసర్, 5 స్లాట్లు ఉండేవి. ఐబీఎం తన పుస్తకాల్లో దీన్ని ‘సిస్టమ్ బోర్డు’ అనే రాసుకుంది. వాడుకలో నిలిచిన పేరు మాత్రం మదర్‌బోర్డు.

ఆ తొలి బోర్డులో మెమరీ పెంచడమంటే విడి చిప్పులు కొని సాకెట్లలో ఒక్కొక్కటిగా గుచ్చడం. ఒక వరుసకు 9 చిప్పులు పట్టేవి: ఎనిమిది బిట్లకు ఎనిమిది, తప్పు పట్టడానికి తొమ్మిదోది. అలాంటి వరుసలు నాలుగు నిండితే బోర్డు మీద 64 కిలోబైట్లు వచ్చేవి. ఎంత మెమరీ పెట్టారో యంత్రానికి తనంతట తెలియదు. బోర్డు మీది బుల్లి స్విచ్చులను పైకీ కిందికీ జరిపి చెప్పాలి. ప్రాసెసర్, మెమరీ, బోర్డు మధ్య పొంతన కుదర్చడం అప్పట్లో పూర్తిగా మనిషి చేతిపని.

1984లో వచ్చిన పీసీ/ఏటీ బోర్డు నిండా చిన్నచిన్న చిప్పులు పదుల సంఖ్యలో పరుచుకుని ఉండేవి. గడియారం తిప్పేది ఒకటి, అంతరాయాలు చూసేది ఒకటి, మెమరీకి నేరుగా సమాచారం తరలించేది ఇంకొకటి. కాలిఫోర్నియాలో అదే ఏడాది మొదలైన చిప్స్ అండ్ టెక్నాలజీస్ అనే కంపెనీ ఈ పనులన్నిటినీ కొద్దిపాటి పెద్ద చిప్పుల్లోకి కుదించి అమ్మకానికి పెట్టింది. చిప్‌సెట్ అనే మాట అలా వ్యాపారంలోకి వచ్చింది. నాలుగైదు చిప్పులు కొంటే ఐబీఎంకు దీటైన బోర్డు తయారవుతుందని తేలాక తైవాన్ కంపెనీలు రంగంలోకి దిగాయి. గిగాబైట్, ఎమ్మెస్సై 1986లో, ఏసుస్ 1989లో మొదలయ్యాయి. బోర్డు ధర దిగడానికి మొదటి కారణం ఈ కుదింపే. అయితే దీని వెంట ఒక కట్టుబాటు కూడా వచ్చింది. ఏ ప్రాసెసర్‌ను, ఎంత మెమరీని నడపాలో ఇక చిప్‌సెట్ చేసినవారు నిర్ణయిస్తారు. బోర్డు కట్టేవారు ఆ గీత దాటలేరు.

ర్యామ్‌కు ఇవాళ ఉన్న పుల్ల ఆకారం కూడా ఆ దశకంలోనే వచ్చింది. వాంగ్ లేబొరేటరీస్ రూపొందించిన సిమ్ అనే చిన్న పలక మీద చిప్పులన్నీ ముందే అతికించి ఉండేవి. అయితే 30 పిన్నుల సిమ్ ఒకసారికి 8 బిట్లే అందించేది. 32 బిట్ల దారి ఉన్న 386డీఎక్స్, 486 ప్రాసెసర్లకు ఒకేసారి నాలుగు పెట్టాలి, మూడు పెడితే యంత్రం లేవదు. 72 పిన్నుల సిమ్ 32 బిట్లు ఇచ్చింది కాబట్టి 486కు ఒకటి చాలింది. 64 బిట్ల దారితో పెంటియమ్ రాగానే మళ్ళీ రెండేసి కావలసి వచ్చాయి. 168 పిన్నుల డిమ్ 64 బిట్లూ తానే ఇచ్చాక ఆ చిక్కు తీరింది. ర్యామ్‌ను జతలుగా కొనమనే సలహాకు మూలం ఇక్కడే ఉంది, కాకపోతే నేటి జత వేగం కోసం, ఆనాటి జత యంత్రం నడవడం కోసం.

1990ల నడుమ వచ్చిన సాకెట్ 7 ఈ చరిత్రలో ఎంతో ఉదారమైన ఘట్టం. ఇంటెల్ పెంటియమ్, ఏఎండీ కే5, కే6, సిరిక్స్ 6ఎక్స్86 అన్నీ ఒకే సాకెట్‌లో కూర్చునేవి. బోర్డు మార్చకుండా కంపెనీయే మార్చుకునే స్వేచ్ఛ అది. దానికి తగ్గట్టు జాగ్రత్తా అవసరమయ్యేది. వోల్టేజీని, వేగాన్ని జంపర్లతో (బోర్డు మీది పిన్నులను కలిపే బుల్లి తొడుగులతో) తప్పు లేకుండా పెట్టుకోవాలి. ఎమ్మెమ్మెక్స్ పెంటియమ్ లోపలి భాగానికి 2.8 వోల్టులు కావాలి, మామూలు పెంటియమ్‌కు 3.3 పైచిలుకు. పొరపాటున జంపర్ తారుమారైతే ప్రాసెసర్‌కు చేటు. 1997లో పెంటియమ్ 2తో ఇంటెల్ స్లాట్ 1కు మారి ఆ తలుపు మూసింది. 1999లో ఏఎండీ అథ్లాన్ కోసం తెచ్చిన స్లాట్ ఏ చూపుకు అచ్చం స్లాట్ 1లాగే ఉండేది, లోపలి సంకేతాలు మాత్రం వేరు. ఆకారం కలిసినంత మాత్రాన జోడీ కలవదన్న సంగతి ఆ తరం కొనుగోలుదారులకు బాగా తెలిసొచ్చింది.

ఇవాళ చవక బోర్డు అంటున్న దాని రూపం దాదాపు ఇదే కాలంలో స్థిరపడింది. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది, 1997 చివర్లో 244 మిల్లీమీటర్ల చదరమైన మైక్రోఏటీఎక్స్ వచ్చింది. పలక తగ్గితే రాగి తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. 1999లో సెలెరాన్ ప్రాసెసర్ కోసం సాకెట్ 370, ఆ వెంటనే 810 చిప్‌సెట్ వచ్చాయి. గ్రాఫిక్స్ 810లోనే ఉండేది, దానికి కావలసిన మెమరీని అసలు ర్యామ్ నుంచే తీసుకునేది. విడిగా ఏజీపీ గ్రాఫిక్స్ కార్డు పెట్టే స్లాట్ ఉండేది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కూర్పించుకునే అసెంబుల్డ్ కంప్యూటర్లకు ఇలాంటి బోర్డులే ఆధారమయ్యాయి. గ్రాఫిక్స్, సౌండ్ అన్నీ బోర్డులోనే ఉంటే ఇంటి కంప్యూటర్ ఖర్చు గణనీయంగా తగ్గేది.

ర్యామ్ ఎంపిక తప్పితే ఎంత నష్టమో 2000వ సంవత్సరం చూపించింది. ఇంటెల్ తన కొత్త చిప్‌సెట్లకు రాంబస్ కంపెనీ రూపొందించిన ఆర్‌డీర్యామ్‌ను ఎంచుకుంది. అది వేగవంతమే, ధర మాత్రం సాధారణ ఎస్‌డీర్యామ్‌కు ఎన్నో రెట్లు. వాడని స్లాట్లను ఖాళీగా వదలకూడదు, తీగలు కలపడానికి ఉత్త పలకలు గుచ్చాలి. 820 చిప్‌సెట్ బోర్డుల్లో పాత ర్యామ్‌ను నడపడానికి చేర్చిన అనువాదక చిప్పు సరిగా పనిచేయక 2000 మే నెలలో ఇంటెల్ ఆ బోర్డులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో పెంటియమ్ 4 కూడా ఆర్‌డీర్యామ్‌తోనే వచ్చి ఖరీదుగా మిగిలింది. 2001లో 845 చిప్‌సెట్ మామూలు ఎస్‌డీర్యామ్‌ను, తర్వాత దాని కొత్త తరమైన డీడీఆర్‌ను ఒప్పుకున్నాకే పెంటియమ్ 4 సామాన్యుల ఇళ్ళకు చేరింది. ప్రాసెసర్ మంచిదైనా దానికి తోడైన మెమరీ అందుబాటులో లేకపోతే అమ్ముడుపోదని ఇంత స్పష్టంగా చూపిన సందర్భం ఈ చరిత్రలో మరొకటి లేదు.

ఆ కాలపు బోర్డుల గురించి చెప్పేటప్పుడు కెపాసిటర్లను వదలలేం. నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు 2000 దశకం మొదటి సగంలో ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. కొన్నాళ్ళకు వాటి నెత్తి ఉబ్బి, పగిలి, గోధుమరంగు జిగురు కారేది. సర్వీసు కుర్రాళ్ళు బోర్డు విప్పగానే మొదట చూసింది ప్రాసెసర్ చుట్టూ ఉన్న ఆ డబ్బాలనే. ద్రవం లేని సాలిడ్ కెపాసిటర్లు చవక బోర్డుల్లోకీ రావడం ఆ అనుభవం వల్లే.

2003 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ అథ్లాన్ 64 మెమరీ కంట్రోలర్‌ను చిప్‌సెట్ నుంచి తీసి ప్రాసెసర్ లోపల పెట్టింది. జోడీ కుదర్చడంలో అసలైన మలుపు ఇదే. అప్పటిదాకా ఏ ర్యామ్ పెట్టాలో చెప్పేది చిప్‌సెట్. ఇంకా ఆ పాత పద్ధతిలోనే ఉన్న ఇంటెల్‌కు అందుకే ఎల్‌జీఏ 775 అనే ఒకే సాకెట్ మీద డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3 మూడూ నడిచాయి. జీ41 చిప్‌సెట్ బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్2, డీడీఆర్3 స్లాట్లు రెండూ ఉండేవి, వాడేది మాత్రం ఏదో ఒకటే. కంట్రోలర్ ప్రాసెసర్‌లోకి వెళ్ళాక ఆ మాట ప్రాసెసర్‌దే అయింది. ఇంటెల్ 2008 నవంబరులో అదే బాట పట్టింది. గ్రాఫిక్స్ కూడా ప్రాసెసర్‌లోకి చేరింది. రెండు పెద్ద చిప్పులుండే చోట బోర్డు మీద ఒక్కటే మిగిలింది.

2011లో వచ్చిన హెచ్61 చిప్‌సెట్‌లో దీని ఫలితం చూడవచ్చు. ఎల్‌జీఏ 1155 సాకెట్, ర్యామ్‌కు రెండే స్లాట్లు, అవసరమైనన్ని పోర్టులు. అంతకు మించి ఏమీ లేదు. ఆఫీసు పనికి ఆ బోర్డు ఖరీదైన బోర్డుకు ఏమాత్రం తీసిపోలేదు, ఎందుకంటే వేగాన్ని నిర్ణయించే భాగాలన్నీ అప్పటికే ప్రాసెసర్‌లోకి వెళ్ళిపోయాయి. తగ్గింది వేగం కాదు, రేపటి విస్తరణకు చోటు. హెచ్81, హెచ్110, హెచ్310, హెచ్410, హెచ్510 అదే అచ్చులో వచ్చాయి. ఈ వరుసలో ఒక ఉచ్చు కూడా ఉంది. 2015 నాటి హెచ్110దీ 2018 నాటి హెచ్310దీ పేరుకు ఎల్‌జీఏ 1151 సాకెట్టే. అయినా ఎనిమిదో తరం కోర్ ప్రాసెసర్ హెచ్110లో నడవదు. సాకెట్ పేరు చూసి కొన్నవారు నష్టపోయింది ఇక్కడే.

ఏఎండీ మరో దారి ఎంచుకుంది. 2017లో రైజెన్‌తో ప్రజల్లోకి వచ్చిన ఏఎం4 సాకెట్ కొత్త తరాలను ఏళ్ళ తరబడి ఆదరించింది. ఇక్కడ అడ్డొచ్చింది సాకెట్ కాదు, బయోస్. కొత్త ప్రాసెసర్‌ను గుర్తించే బయోస్ పాత బోర్డులో ఉండదు, ఆ బయోస్ ఎక్కించాలంటే ముందు బోర్డు లేవాలి. 2018లో ఈ చిక్కులో పడ్డవారికి ఏఎండీ ఒక పాత ప్రాసెసర్‌ను అరువుగా పంపింది. మరో ఇబ్బంది బయోస్ చిప్పు పరిమాణం. చాలా బోర్డుల్లో 16 మెగాబైట్లే ఉండటంతో కొత్త ప్రాసెసర్ల వివరాలు చేర్చడానికి పాతవాటిని తీసేయడం, మెనూలను సాదాగా మార్చడం జరిగింది. 400 వరుస బోర్డుల్లో రైజెన్ 5000 నడవదని 2020 మేలో ప్రకటించిన ఏఎండీ, కొనుగోలుదారుల నిరసనతో ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. 2022లో అన్నిటికంటే చవకైన ఏ320 బోర్డులకూ ఆ ప్రాసెసర్లు అందాయి. చవక బోర్డు కొన్నవారికి ఇంత మేలు జరిగిన సందర్భాలు అరుదు.

ఈ చరిత్ర అంతా నేటి ఎంపికలో నాలుగైదు పరీక్షలుగా మిగిలింది. మొదటిది బోర్డు తయారీదారు ప్రకటించే ప్రాసెసర్ల జాబితా. అందులో ప్రాసెసర్ పేరుతో పాటు కనీసం ఏ బయోస్ కావాలో రాసి ఉంటుంది. రెండోది ర్యామ్ రకం. డీడీఆర్3 1.5 వోల్టులతో, డీడీఆర్4 1.2 వోల్టులతో, డీడీఆర్5 1.1 వోల్టులతో నడుస్తాయి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాటు ఉండే చోటు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. 2022 జనవరిలో వచ్చిన హెచ్610 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, పెట్టె మీది పేరును చివరి అక్షరం దాకా చదవాలి. ఏఎం4 తర్వాతి ఏఎం5 సాకెట్‌లో డీడీఆర్5 తప్ప వేరేది లేదు.

ర్యామ్ వేగం విషయంలో డబ్బు వృథా కావడం తేలిక. 3200 అని రాసిన ర్యామ్‌ను హెచ్310లో పెడితే 2666కు మించి నడవదు. మించి నడిపే వీలున్న బోర్డులోనైనా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే అమరిక) ఎంచుకోకపోతే చాలా ర్యామ్‌లు కనీస వేగంతోనే ఉండిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు ఒక 16 గిగాబైట్ల పుల్ల కన్నా రెండు 8 గిగాబైట్ల పుల్లలు మేలు. రెండు దారుల్లో సమాచారం అందుతుంది, దాన్నే గ్రాఫిక్స్ కూడా వాడుకుంటుంది. రెండే స్లాట్లున్న బోర్డులో మాత్రం తర్వాత పెంచాలంటే పాతవి తీసేయాలి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టు, అప్పుడు బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా తెర వెలగదు.

చివరిది, చాలామంది చూడనిది, కరెంటు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను బోర్డు సుమారు ఒక వోల్టుకు దించి ప్రాసెసర్‌కు అందించాలి. 1.2 వోల్టుల దగ్గర 65 వాట్లంటే 50 ఆంపియర్లకు పైనే. చవక బోర్డుల్లో ఈ పనిచేసే భాగాలు తక్కువగా ఉంటాయి, వాటి మీద హీట్ సింక్ ఉండకపోవచ్చు. కోర్ ఐ3, ఐ5 వంటి ప్రాసెసర్లకు అది సరిపోతుంది. 12వ తరం కోర్ ఐ9 గరిష్ఠంగా 241 వాట్ల దాకా లాగుతుంది. హెచ్610 జాబితాలో దాని పేరు ఉన్నా, పని పెరిగిన కొద్దీ బోర్డు వేడెక్కి వేగం తగ్గించేస్తుంది.

హెచ్610 బోర్డుల్లో ఉండే ఎల్‌జీఏ 1700 సాకెట్ 14వ తరం కోర్ ప్రాసెసర్లతో ముగిసింది. డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవారు హెచ్610లో ఇంకా దాన్ని వాడుకోవచ్చు. దాని తర్వాతి ఎల్‌జీఏ 1851 సాకెట్‌కు 2025లో వచ్చిన చవక చిప్‌సెట్ హెచ్810. అది డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటుంది, ర్యామ్ స్లాట్లు మాత్రం హెచ్61లో లాగే రెండు.