గుండ్లకమ్మ ఎగువ పల్లెలు

కాకర్ల పేరు చెబితే సంగీతం తెలిసినవారికి త్యాగయ్య ఇంటిపేరు గుర్తొస్తుంది. ఆయన పూర్వీకులది అర్ధవీడు మండలంలోని ఈ ఊరేనంటారు. కాకర్ల, నాగులవరం, యాచవరం వంటి ఊళ్లున్న ఈ సీమలో మాదిగపల్లెల చరిత్ర మాత్రం ఎవరికీ అంతగా పట్టలేదు. దాని జాడ తెలియాలంటే చర్చిల దగ్గరికి వెళ్లాలి.

ఇది మెట్ట నేల. కపిల బావులతో సేద్యం సాగిన రోజుల్లో నీళ్లు తోడే తోలు బాన కుట్టింది మాదిగ. ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు మాత్రం ఆయనకు లేదు. నీళ్లలో నిండా ముంచి బాప్తిస్మమిచ్చే మతం ఇలాంటివారి గడపలోకి రావడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో అడుగుపెట్టాడు. నిజానికి పల్లెల్లో ఆ మతానికి దారి వేసింది కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య లాంటివారే. ఆ తర్వాత 1876-78 కరవు వచ్చిపడింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట పడకూడదని, సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాకా జనం ఆగలేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, 2,222 మందిని గుండ్లకమ్మలో ముంచి లేపారు.

ఆ ఏరు పుట్టింది ఇక్కడే, నల్లమలలో. జంపలేరును కలుపుకుని, రెండు కొండల నడుమ కట్టిన కంభం చెరువు నింపి, కిందికి పారుతుంది. మతం ఆ ఏటికి ఎదురు నడిచింది. 1880ల్లో కంభం బాప్టిస్టుల ప్రత్యేక మిషన్ కేంద్రమైంది. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ ఎస్పీజీ మిషన్ పనిచేసింది. ఒకే కర్నూలు జిల్లాలో అటువైపు పసిబిడ్డల నుదుట నీళ్లు చిలకరిస్తే, ఇటువైపు ఊహ తెలిసినవాళ్లే నీళ్లలోకి దిగారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక ఈ రెండు ప్రాంతాలూ అందులోకి మారాయి.

ఆ రోజుల్లో పల్లెలో ఉపదేశకుడే పంతులు కూడా. పగలు పొలం పనికి పోయే పిల్లలకు పొద్దుగూకాక, బైబిలు చదివేందుకే అయినా, అక్షరాలు నేర్పారు. వీధిబడి గుమ్మం తొక్కనివ్వని కాలంలో అది పెద్ద సంగతి. తాతల పేర్లు చెప్పగల పెద్దలు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు. మనవలు వాళ్లను ఇప్పుడే అడిగి రాసుకోవాలి, చర్చి పాత పుస్తకాలు చెదలు పట్టకముందే తెరిచి చూడాలి.