హైటెక్ సిటీ పక్కనే జింకలు, నెమళ్లు.. ఫొటో తీసేముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్: ఐటీ టవర్ల పక్కనే చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయంటే చాలామంది నమ్మరు. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి వీటికి నిలయం. ఇక్కడ 200కు పైగా పక్షి జాతులు కనిపించాయి. వీటిలో చాలావాటిని కెమెరాలో బంధించింది విద్యార్థులే.

ఫొటోనే సాక్ష్యం

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. ఫొటోలు, వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపేయమంది. సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని కోర్టుకు నివేదిక అందింది. వన్యప్రాణులను కాపాడే చర్యలు తీసుకోవాలని ఏప్రిల్ 16న కోర్టు సూచించింది.

అదే సమయంలో ఏఐతో చేసిన నకిలీ చిత్రాలు కూడా వైరల్ అయ్యాయి. వాటిపై పోలీసు కేసులు నమోదయ్యాయి. నకిలీ ఒక్కటి బయటపడితే చాలు, అసలు ఫొటోను కూడా అనుమానంగానే చూస్తారు. అందుకే తేదీ ఉన్న ఒరిజినల్ ఫైల్‌ను డిలీట్ చేయకుండా దాచుకోవాలి. ఎవరు తీశారో తెలియని బొమ్మను ఫార్వర్డ్ చేయకపోవడమే మేలు.

సలీం అలీ బాట

హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే 1931లోనే మొదలైంది. నిజాం ప్రభుత్వ సాయంతో దాన్ని చేసింది ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో ఓపిగ్గా రాసిపెట్టుకోవడమే ఈ పనికి పునాది. ఇప్పుడు చేతిలో కెమెరా ఉన్నవారికీ అదే వర్తిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

చలికాలంలో అమీన్‌పూర్ చెరువుకు వలస పక్షులు వస్తాయి. దీన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. పిల్లలతో వెళ్లేవారికి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ అనుకూలం. పొద్దున్నే వెళితే పక్షులు బాగా కనిపిస్తాయి.

పాటించాల్సినవి

• గూటి దగ్గరికి వెళ్లొద్దు. మనిషి అలికిడికి తల్లి పక్షి గుడ్లు వదిలేసి పోవచ్చు.
• రాత్రి ఫ్లాష్ వాడొద్దు.
• ఫొటో కోసం తిండి వేయొద్దు, ఫోన్‌లో పక్షి కూతలు వినిపించొద్దు.
• నక్షత్ర తాబేలు దొరికితే ఇంటికి తేవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.
• అరుదైన జంతువు కనిపిస్తే లొకేషన్ పోస్ట్ చేయొద్దు. వేటగాళ్లూ ఫోన్లు చూస్తారు.

ఫొటో రాకపోయినా ఫర్వాలేదు, మన వల్ల ఆ జీవికి ఇబ్బంది కలగకూడదు.