గండికోటలో రెండు రోజులు: కల్లుకుండ వైపు నుంచి కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శిగారు అడిగి రెండు నెలలైంది. గండికోట గురించి వ్రాస్తానని ఒప్పుకున్నాను గాని, పెమ్మసాని నాయకుల శౌర్యం గురించి, కోట బురుజుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. అందువల్ల ఇన్నాళ్ళూ కలం కదలలేదు. చివరకు విషయం అందించినవాడు నా మనవడు.

వాడు మా కూతురి కొడుకు. బెంగళూరులో ఉద్యోగం. మొన్న సంక్రాంతి అయిన తరువాత కారు తెచ్చి, నన్నూ వాళ్ళ అవ్వనూ ఎక్కించుకుని, జమ్మలమడుగు మీదుగా గండికోటకు తీసుకుపోయినాడు. సెలవు దొరికితే వాడు, వాడి స్నేహితులు నంది కొండల దగ్గరి ద్రాక్షతోటలకు పోతారట. అక్కడ గాజు గ్లాసుల్లో ఒక్కొక్క రకం ద్రాక్షసారా గుక్కెడు గుక్కెడు పోసి రుచి చూపిస్తారట. దానికి టికెట్టు కూడా ఉందట. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు కట్టిన దుకాణంలో వైను తప్ప తక్కినవన్నీ దొరుకుతాయని చెప్తే నవ్వినాడు.

ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నానది పోయే ఆ గండి అంచున నిలబడి వాడు అడిగిన ప్రశ్న ఇది: "తాతా, నంది కొండలకన్నా ఈ లోయే బాగుంది. ఇక్కడి రాజులు ఏం తాగేవాళ్ళు?"

ముప్పై అయిదేండ్ల సర్వీసులో సగానికి పైగా ఆబ్కారీ లెక్కల దగ్గర కూర్చున్న గుమాస్తాను నేను. ఆ ప్రశ్న నన్ను కాక ఇంకెవరిని అడగాలి?

ద్రాక్ష మనకు కొత్త కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, అక్కడి అంగడిలో పణానికి మూడు ద్రాక్షగుత్తులు, పది దానిమ్మ పండ్లు ఇచ్చేవారని వ్రాసుకున్నాడు. అంత ధర పెట్టి కొన్న పండును పిండి పులియబెట్టి ఉంటారని నేననుకోను, తిని ఉంటారు. గండికోట ఆ రాజ్యంలోనిదే. ఇక్కడి నేలకు సహజమైనది ఈత చెట్టు. తెల్లవారుజామున చెట్టు దిగిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది, సాయంత్రానికి మనిషిని పడగొడుతుంది. మా ఈడిగ మిత్రుడొకడు, పొద్దును బట్టి రుచి మారే సరుకుకు మీ ఆఫీసువాళ్ళు ఒకే రేటు ఎట్లా కడతారయ్యా అనేవాడు.

కోటకు వచ్చిన విదేశీయుల్లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ముఖ్యుడు. 1652 సెప్టెంబరులో మచిలీపట్నం, మద్రాసుల మీదుగా ఇక్కడికి వచ్చాడు. అప్పటికి కోట కొత్తగా గోల్కొండ సేనాధిపతి మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ముత్యాలు, రత్నాలు ఏవైనా మీర్ జుమ్లా ముందు చూడనిదే సుల్తాను కొనడు. మన భాషలో చెప్పాలంటే కింది సంతకం పడనిదే ఫైలు పైకి పోదు. ఆ సంతకం కోసమే ఆయన ఇంత దూరం ఎక్కి వచ్చాడు. ఇరుకైన దారి, పక్కన పాతాళం వంటి లోయ, కొండమీద ఊటనీటితో పండే వరి, చిరుధాన్యాలు, అన్నీ వర్ణించాడు. డచ్చివారి కొలువు విడిచి వచ్చిన ఫ్రెంచి ఫిరంగీలవాళ్ళు కూడా ఇక్కడ ఉండేవారట.

ఆయన వ్రాసిన వాటిలో నాకు బాగా నచ్చినది వేరే ఉంది. సెలవు తీసుకోవడానికి పోయినప్పుడు మీర్ జుమ్లా చెప్పులు లేకుండా నేలమీద కూర్చుని ఉన్నాడట. కాలి వేళ్ళ సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ళ మధ్య కొన్ని. ఒక్కొక్కటీ లాగి జవాబు చెప్తుంటే వ్రాతగాళ్ళు వ్రాస్తున్నారు. వ్రాసింది బిగ్గరగా చదివించుకుని, తానే ముద్ర వేసి పంపిస్తున్నాడు. పెండింగు తపాలా లేని ఆఫీసరును నేను సర్వీసులో చూడలేదు గాని పుస్తకంలో చూశాను.

మనవడికి ఇదంతా చెప్తూ ధాన్యాగారం, జామియా మసీదు, రంగనాథస్వామి ఆలయం, మాధవరాయ ఆలయం చూపించాను. మోకాళ్ళ నొప్పి వల్ల వాళ్ళ అవ్వ మసీదు దగ్గరే కూర్చుండిపోయింది.

'ఆబ్' అంటే పారసీకంలో నీరు. ఆ మాట నుంచి వచ్చిన ఆబ్కారీ మాత్రం కుంపెనీ వారికి, తరువాత దొరతనం వారికి పెద్ద ఆదాయం. మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లో వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం పాట. కడపవాళ్ళం గుర్తుంచుకోవలసిన సంవత్సరం 1938. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు దాన్ని పొడిగించింది. ఆబ్కారీ రాబడి పోయిన లోటు పూడ్చడానికే 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. తరువాత ఊరూరా ఇంటింటా అంటుకున్న ఆ పన్నుకు మూలం మన కల్లుకుండ పగలడమేనని నేటివారికి తెలియదు.

ఆ ఏడు మా ఊరి ఈడిగవాళ్ళు మోకు, కత్తి మూలన పెట్టి కూలికి పోయినారని, పక్కింటి ఆడవాళ్ళు మాత్రం కసుపొయ్యి మీద సద్దికూడు కాక అన్నం వండుకున్నారని మా జేజి చెప్పేది. రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పేది.

యుద్ధకాలంలో నిషేధం ఆగిపోయింది. 1948కి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యాక మళ్ళీ ఇదే తగవు. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమన్నది; గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పట్టుబట్టారు; ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివరికి నిషేధం సడలింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి సారా వేలం పాటలు జోరుగా సాగుతున్నాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పాట పెరిగిన ఏడు మా ఆఫీసులో పండుగలాగా ఉండేది. పోయిన ఏటి అంకె పక్కన ఈ ఏటి అంకె ఎర్రసిరాతో వ్రాసేవాణ్ణి. నా చేతివ్రాత బాగుంటుందని ఆ పని నాకే ఇచ్చేవారు. అదే ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. పేరు వద్దు. మంచి పనిమంతుడు. ఒకటో తేదీన అతని భార్య చంటిబిడ్డతో గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చునేది, జీతం దుకాణానికి చేరేలోగా పట్టుకోవాలని. కొన్ని నెలలు పట్టుకునేది. అతను నలభై రెండేండ్లకు పోయినాడు. ఆమె ఫ్యామిలీ పెన్షను కాగితాలు నేనే నింపినాను. అతను తాగిన దుకాణం పాట కూడా నా చేతివ్రాతలోనే ఉంది. ఎర్రసిరాలో.

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు వేలం పాటలకు అడ్డుపడ్డారని పేపర్లో చదివినప్పుడు ఆఫీసులో చాలామంది ఎకసెక్కం చేశారు. నేను చేయలేదు, అట్లాగని వారించనూ లేదు. 1993 అక్టోబరు ఒకటిన, మన కర్నూలు బిడ్డ కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా, సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఎన్.టి. రామారావుగారు 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో అది సడలింది. రాబడి లోటన్నారు. 1939లో కూడా అదే మాట.

ఆ రాత్రి బసలో మనవడు సంచిలోంచి ఒక సీసా తీసినాడు. నంది కొండల దగ్గర కొన్నదట. గాజు గ్లాసులు లేవు. వాళ్ళ అవ్వ ముఖం ఒకసారి చూసి, స్టీలు గ్లాసులో ఒక గుక్కెడు పోసి నాకిచ్చినాడు. అన్నేండ్లు లెక్క వ్రాసినవాణ్ణే గాని ఏనాడూ నాలుకకు తగలనిచ్చినవాణ్ణి కాదు. నేరేడుపండు కొరికినట్టు వగరుగా, కొంచెం పుల్లగా ఉంది. ఎట్లుంది తాతా అన్నాడు. నేరేడుపండే నయం అన్నాను. వాడు సీసాకు బిరడా పెట్టేశాడు.

అప్పుడు అటెండరు సంగతి చెప్పినాను. అంతవరకు వాళ్ళ అవ్వకు కూడా చెప్పలేదు. మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ చంటిబిడ్డ ఏమైంది తాతా అని అడిగాడు. టీచరు ఉద్యోగం వచ్చిందని, పెండ్లికి నన్ను పిలిచిందని, నేను పోయి అక్షింతలు వేసి వచ్చానని చెప్పాను.