ప్రార్థనా, వైద్యమా?

బెంగళూరులో పెరిగిన మన పిల్లలకి నిమ్హాన్స్ అంటే ఒక వెక్కిరింపు. బళ్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి నిమ్హాన్స్‌కి పంపాలి" అనేవాళ్ళు. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఇక్కడ వచ్చింది, 1974లో అది నిమ్హాన్స్ అయింది. ఊళ్ళోనే అంత పెద్ద ఆసుపత్రి ఉన్నా, ఆ పేరుకి భయపడి చాలా ఇళ్ళలో మనిషిని ముందు గుడికో చర్చికో తీసుకెళ్తారు.

ఈ రెండు దారులూ కలిపినవాళ్ళు లేకపోలేదు. మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ 1950లో లక్నోలో నూర్ మంజిల్ మానసిక వైద్య కేంద్రం పెట్టారు. మన చిత్తూరువాళ్ళు వెళ్ళే రాయవెల్లూరు సి.ఎం.సి.లో రోగితోపాటు ఇంటివాళ్ళు కూడా ఉండి, ఎలా చూసుకోవాలో నేర్చుకుంటారు.

మన బెంగళూరులో 1979లో జెస్యూట్ ఫాదర్ హ్యాంక్ నన్ ఆత్మశక్తి విద్యాలయ మొదలుపెట్టారు. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళు నలుగురితో కలిసి మెలిసి గడుపుతూ కోలుకునే చోటు అది. ఫాదర్ కదా, ప్రార్థనతో సరిపెట్టలేదు. ఎరిక్ బెర్న్ రూపొందించిన ట్రాన్సాక్షనల్ అనాలిసిస్ పద్ధతిని ఆధారం చేసుకున్నారు. మనలో ఒక తల్లిదండ్రి, ఒక పెద్దమనిషి, ఒక పసిబిడ్డ ఉంటారనీ, ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకోవాలనీ ఆ పద్ధతి చెప్తుంది.

భక్తి ఉంటే రోగిని వదలకుండా పక్కన కూర్చోగలం. కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం చదువే నేర్పాలి.

మా బంధువుల్లో ఒకావిడ ఏళ్ళతరబడి ఉపవాస ప్రార్థనలతోనే నెట్టుకొచ్చింది. ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. ప్రార్థన కూడా మానలేదు. రాత్రిళ్ళు నిద్రపోతోంది.