బుక్కపట్నంలో బోధనా మాధ్యమం

బుక్కపట్నం, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన మండల కేంద్రం. ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఇక్కడ ఉన్నందున బోధనా మాధ్యమపు మార్పులు ఈ ఊరికి ముఖ్యమైనవి.

చరిత్ర

2008-09లో సక్సెస్ పథకం క్రింద రాష్ట్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 6వ తరగతి నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో జరగాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం పేర్కొన్నది. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1 నుండి 6వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేయగా, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది.

మాధ్యమం ఎంపిక, పై చదువులు

ఇంజనీరింగు, వైద్య విద్యలు ప్రధానంగా ఆంగ్లంలోనే ఉన్నందున, వాటిలో చేరే తెలుగు మాధ్యమ విద్యార్థి ఇంటర్మీడియట్ తరువాత భాష మారవలసి ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు ఆంగ్ల మాధ్యమంలో చేరితే ఆ మార్పు ఒకటవ తరగతిలోనే ఎదురవుతుంది. అప్పుడు వారిని ఆ భాషలోకి నడిపించవలసినవాడు ప్రాథమిక ఉపాధ్యాయుడే.