ముందు గాలి, తర్వాత నీళ్లు

చిట్యాలలో నల్లా తిప్పిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. చాలాసేపు ఖాళీగా ఉన్న పైపులోంచి మొదట బుస్సుమని గాలి వస్తుంది. నాలుగు చుక్కలు చిమ్ముతుంది, మళ్లీ గాలి. ఆ తర్వాతే ధార. "ఆగు బిడ్డా, ముందుగాల గాలొస్తది, ఎన్కనుంచి నీళ్లొస్తయి" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. బిందె నింపుకునేవాళ్లకు ఆ ఆలస్యం పెద్ద కష్టమేం కాదు. కానీ అదే ఆలస్యం మంటకూ నీళ్లకూ మధ్య వస్తే? ఆ కాస్త సమయాన్ని ముందే లెక్కగట్టడానికి మనుషులు చాలాకాలం తంటాలు పడ్డారు. ఇది ఆ తంటాల కథ.

కథ పత్తి దగ్గర మొదలవుతుంది. నల్లగొండ రైతుకు పత్తి అంటే ఏమిటో, దానికి నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో న్యూ ఇంగ్లండ్ నూలు మిల్లులదీ అదే భయం. రోడ్ ఐలండ్‌లో జకారియా ఆలెన్ అనే మిల్లు యజమాని తన మిల్లుకు అగ్ని జాగ్రత్తలన్నీ చేయించి, బీమా రుసుము తగ్గించమని అడిగాడు. కంపెనీ ఒప్పుకోలేదు. దాంతో 1835లో తోటి మిల్లుదారులతో కలిసి సొంత బీమా సంఘమే పెట్టాడు. మంట ఆరిపోవడం తమ డబ్బు సంగతి కాబట్టి, పైపుల గురించి పట్టింపు వచ్చింది.

తొలినాళ్లలో మిల్లు కప్పు కింద చిల్లులు పెట్టిన పైపులు వేసేవారు. అవి ఖాళీగానే ఉండేవి. మంట చూసి ఎవరో ఒకరు పరిగెత్తి వాల్వు తిప్పాలి. 1874లో న్యూ హేవెన్‌లో పియానో ఫ్యాక్టరీ నడిపే హెన్రీ పార్మలీ ఆ పరుగు తప్పించాడు. వేడికి కరిగే టంకంతో మూతి బిగించిన స్ప్రింక్లర్ చేశాడు. మంట ఎక్కడుందో అక్కడి మూతే ఊడుతుంది. 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఇప్పుడు పైపు నిండా నీళ్లు, మూతి దగ్గరే సిద్ధంగా.

అయితే ఆ దేశంలో చలికాలం ఉంది. పొయ్యి లేని గోదాముల్లో నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలిపోయేవి. అందుకు దొరికిన ఉపాయమే పొడి పైపు. పైపులో నీళ్ల బదులు ఒత్తిడితో గాలి నింపుతారు. ఆ గాలే వాల్వు రేకును నొక్కిపట్టి నీళ్లను అవతల ఆపుతుంది. రేకు మీద గాలి ఆనే వైశాల్యం ఎక్కువ కాబట్టి, ఒక వంతు గాలి ఒత్తిడి ఐదారు వంతుల నీటి ఒత్తిడిని ఆపగలదు. తెలివైన పనే. కానీ పార్మలీ తీసేసిన ఆలస్యం మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ ఆలస్యంలో రెండు ముక్కలున్నాయి. మూతి ఊడాక గాలి పోయి పోయి వాల్వు లేచేదాకా ఒకటి. నీళ్లు మిగిలిన గాలిని తోసుకుంటూ మూతి దాకా వచ్చే ప్రయాణం రెండోది. ఒక చేతిలెక్క వేద్దాం. పైపుల లోపలి ఖాళీ 2,840 లీటర్లు అనుకోండి. మన వీధికొచ్చే ఐదువేల లీటర్ల ట్యాంకరులో సగానికి కాస్త ఎక్కువ. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడి సుమారు ఒక బార్. గాలి 2.8 బార్లు, నీళ్లు 5.2 బార్లు, ఊడింది అరంగుళం మూతి ఒక్కటి. వాల్వు లేవడానికే సుమారు నిమిషంన్నర పడుతుంది. నీళ్ల ప్రయాణం ఇంకా మొదలే కాలేదు! ఖాళీ రెట్టింపైతే ఆ సమయమూ రెట్టింపే.

ఒకప్పుడు ఈ లెక్కలు వేసే తీరిక లేదు. 1895 నాటికి బోస్టన్ చుట్టూ నూరు మైళ్లలోనే పైపుల కొలతలకు తొమ్మిది రకాల నిబంధనలు ఉండేవి. ఆ గందరగోళం తీర్చడానికే 1896లో అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం పుట్టింది. దాని నిబంధనల్లో పొడి పైపులకు పెట్టిన హద్దు లీటర్లలోనే ఉంది. లోపలి ఖాళీ 1,890 లీటర్లు దాటకపోతే గడియారం చూడక్కర్లేదు. గాలిని త్వరగా వదిలే యాక్సిలరేటర్ లాంటి పరికరం ఉంటే 2,840 దాకా సరే. అది దాటితే, చివరి పరీక్ష వాల్వు తెరిచిన 60 సెకన్లలో నీళ్లు రావాలి. పై చేతిలెక్కనే 1,890 లీటర్లకు వేస్తే, వాల్వు లేవడానికే నిమిషం పడుతుంది. అంటే లీటర్ల హద్దు సమయానికి ప్రత్యామ్నాయం కాదు, ఉజ్జాయింపు మాత్రమే.

అందుకే ఆ తర్వాత కంప్యూటర్ లెక్కలకు చోటిచ్చారు. ప్రమాదాన్ని బట్టి గడువూ మారింది: తక్కువ ప్రమాదమున్న చోట ఒక మూతి తెరిస్తే 60 సెకన్లు, సరుకు ఎత్తుగా పేర్చిన గోదాములో నాలుగు మూతులు తెరిస్తే 40. ఆలస్యంలో మంట పెరిగి మరిన్ని మూతులు ఊడతాయి కనుక, నీళ్లు తడపాల్సిన వైశాల్యాన్ని కూడా 30 శాతం పెంచి లెక్కగట్టమన్నారు. లెక్క తేలిగ్గా లేదు. గాలి నలుగుతుంది, కొమ్మ పైపుల్లో చిక్కుకుంటుంది. వలలా అల్లిన పైపులను పొడి పద్ధతిలో అసలు ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

మన దగ్గర ఈ గొడవెందుకు అనొచ్చు. నిజమే, చిట్యాల ఎండలో నీళ్లు గడ్డకట్టవు. జిన్నింగు మిల్లుకు నీళ్లు నిండిన పైపే మేలు, పొడి పైపు వేస్తే ఆలస్యాన్ని డబ్బిచ్చి కొన్నట్టే. సున్నాకు దిగువన ఉండే శీతల గిడ్డంగికి మాత్రం పొడి పైపు తప్పదు. అక్కడ యజమాని అడగాల్సింది "స్ప్రింక్లర్లు ఉన్నాయా?" అని కాదు. "చివరి మూతి దాకా నీళ్లు ఎన్ని సెకన్లలో వస్తయి?" అని.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ ప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక పోయారు. అది గిడ్డంగి కాదు, పొడి పైపుల కథా కాదు. మంట పుట్టినచోట నిమిషమంటే ఎంతో మాత్రం ఆ రాత్రి చూపించింది. కాగితం మీద లెక్క ఎంత బాగా కుదిరినా, కట్టడం అప్పజెప్పే రోజున చివరి వాల్వు దగ్గర గడియారం పట్టుకుని ఒకరు నిలబడాలి. ముందు గాలి వస్తది. ఎంతసేపు వస్తదో రాసిపెట్టుకోవాలి.