పుట్టి నుండి తొక్కుడు పడవ వరకు

శామీర్‌పేట చెరువు కట్టమీద నిలిచి చూచినపుడు మన కంటికి మొదట కనుపించునది విశాలమైన నీరు. పిదప ఆ నీటినడుమ ఒంటరిగా కూర్చుండి వల సవరించుకొను మనిషి. అతని క్రింద నున్నదానిని పడవ యనుటకు తరచు వీలుండదు. అది యొక థర్మోకోలు దిమ్మె, లేదా లారీచక్రపు ట్యూబు. మేడ్చల్ ప్రాంతపు చెరువులలో చేపలు పట్టుటకు ఏ పడవ తగినదను ప్రశ్న ఈ దృశ్యమునుండియే పుట్టుచున్నది.

వల వేయుటకు రెండు చేతులు కావలెను. తెడ్డు వేయుటకును రెండు చేతులు కావలెను. మనిషికున్నవి రెండే. వేటపడవల చరిత్రలో చాల భాగము ఈ చిక్కును విప్పుకొనుటకు చేసిన యత్నమే.

మన పీఠభూమి యిచ్చిన సమాధానము పుట్టి. (ధాన్యము కొలుచు పుట్టి వేరు, ఇది వేరు.) తుంగభద్రా తీరమున దీనిని హరిగోలు అందురు. వెదురుబద్దలతో గుండ్రని బుట్ట అల్లి, వెలుపల తోలు తొడుగుట పూర్వపు పద్ధతి. శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వీనిని చూచి వ్రాసెను: పదునైదు ఇరువది మందిని మోయునట, తిన్నగా పోక గిరగిర తిరుగునట. పరదేశికి అది లోపముగా తోచినది కాబోలు. కాని రాళ్ళు నిండిన మన నదులలో కొయ్యపడవ పగులుచోట వెదురుబుట్ట వంగి జారిపోవును. వేసవిలో నీరు తగ్గినను, జానెడు లోతున తేలును. తరువాతి కాలమున తోలు పోయి తారుపూసిన గుడ్డ, ప్లాస్టిక్కు పట్టాలు వచ్చినవి. నేడు ఫైబరు పుట్లును కలవు. ఆకారము మాత్రము మారలేదు.

కోస్తాలో రెండు తాటిదోనెలను జతకట్టిన సంగడి వేరొక కథ.

అయితే పుట్టిపై ఒకరు తెడ్డు వేయవలెను, ఒకరు వల దించవలెను. కృష్ణానదిపై తరచు భార్యాభర్తలే ఈ జంట. తోడు లేనివాడు కూలికి మనిషిని పిలిచినచో పట్టిన చేపలలో వాటా పోవును. పిలువనిచో ట్యూబు నెక్కవలెను. జారిపడి కాలు వలలో చిక్కుకొన్న ఈతగానికి సైతము ఈత అక్కరకు రాదు.

ఇక కయాకు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు కొయ్యచట్రముపై సీలు చర్మము బిగించి దీనిని నిర్మించిరి. అనగా ఇదియు తోలుపడవయే. మన పుట్టికి దూరపు చుట్టము. 1997లో అమెరికాలోని హోబీ సంస్థ దీనికి కాలితో త్రొక్కు యంత్రమును అమర్చినది. అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ పక్షి రెక్కలవలె ఆడి పడవను నడుపును. చేతులు రెండును ఖాళీ! మన పూర్వులు ఏతము త్రొక్కిరి, మగ్గము త్రొక్కిరి. పడవను త్రొక్కవలెనను ఊహ మాత్రము వారికేల తోచలేదో యని మనకు వింత కలుగును. కాని ఆలోచింపగా, లోతులేని చెరువున ఆ యంత్రమే అడ్డము.

ఎన్నుకొనువారు చూడవలసినదియు అదియే. రెక్కలు గాని మర గాని మూరెడు లోతుకు దిగును. మేడ్చల్ వైపు చెరువులలో తుంగ, నాచు, గుర్రపుడెక్క పెరిగినచోట తిరుగుమర చుట్టుకొనిపోవును. పడవ అడుగునకు మడుచుకొను రెక్కలు కొంత మేలు. మర పడవకు వెనుకకు నడచుట సులభమను సుగుణము కలదు; వలకో మొద్దుకో తగులుకొన్నపుడు అది అక్కరకు వచ్చును. కొర్రమీను దాగునది కలుపులోనే కనుక, అక్కడ యంత్రము పైకెత్తి తెడ్డు పట్టక తప్పదు. ఏ పడవయైనను తేలుడు చొక్కా తొడుగుకొనవలెను. దాని వెల పడవ వెలలో స్వల్పము.

సెలవునాడు గాలము వేయు నగరవాసికి తొక్కుడు కయాకు మంచిదే యని మా అభిప్రాయము. దిన దినము వలతో బ్రతుకువానికి, లక్ష రూపాయలు దాటు ఆ వెలతో, ఇప్పట్లో కాదు. అతనికి ఫైబరు పుట్టి, ఒంటిపై తేలుడు చొక్కా మేలు. నలుబది కిలోలుండు కయాకును కట్టమీదికి చేర్చుటకు బండియో, మరియొక మనిషియో కావలెను. పుట్టినో, పొద్దు గూకగానే బోర్లించి నెత్తిన పెట్టుకొని ఇంటిదారి పట్టవచ్చును.